సాయంత్రం 5కి కార్డు కొట్టించి మళ్లీ లైన్ మీదికి పంపుతా ఉండారు, దీనికి ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) అడగొచ్చా?

పూతలపట్టు_అక్క

మా తమ్ముడి తరఫున అడుగుతా ఉండాను. ఐటీఐ చేసినాడు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఒక ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో అసెంబ్లీ లైన్ ఆపరేటరు, కాంట్రాక్టర్ రోల్ మీద ఉండాడు. చేరి ఎనిమిది నెలలు.

కాగితం మీద షిఫ్టు పొద్దున 8:30 నుంచి సాయంత్రం 5 దాకా, మధ్యలో అరగంట భోజనం. కానీ 8కే లైన్ మీటింగు, రాకుంటే లేటు మార్కు. సాయంత్రం 5కి అందర్నీ గేటు దగ్గరికి పంపి కార్డు కొట్టిస్తారు, కొట్టినాక మళ్లీ లోపలికి పిలిచి 7 దాకా లైన్ నడుపుతారు. కంపెనీ బస్సు 7:15కి గాని కదలదు, కాబట్టి ముందే పోదామన్నా దారి లేదు. ఆదివారం తప్ప రోజూ ఇంతే. అడిగితే "మనమంతా ఒక ఫ్యామిలీ, గంటలు లెక్కపెట్టేవాడు పైకి రాడు" అంటారు. వాట్సాప్ గ్రూపులో రోజూ "టార్గెట్ అయ్యేదాకా ఎవరూ కదలొద్దు, కమిట్‌మెంట్ చూపించండి" అని మెసేజ్ వస్తుంది.

జీతం స్లిప్‌లో బేసిక్, డీఏ కలిపి 11,500, స్పెషల్ అలవెన్స్ 1,500, ఇంటద్దె 2,500, కన్వేయన్స్ 1,500. మొత్తం 17,000. ఓటీ కాలమ్‌లో ఎప్పుడూ సున్నానే.

దీనికి డబ్బు అడిగే హక్కు ఉందా, ఉంటే ఎంత వస్తుంది, యాడికి పోవాల? లైన్‌లో పిల్లకాయలు అందరూ కలిసి ఒకే రోజు సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టేద్దాం అంటా ఉండారు, అది మంచిదేనా? అదే లైన్‌లో అప్రెంటిస్‌గా ఉండే ఒక ఆడపిల్లను కూడా 7 దాకా నిలబెడతా ఉండారు. ఆ అమ్మాయి సంగతి ఏంది?

గాజులమండ్యం_షిఫ్ట్

అక్కా, మన రాష్ట్రంలో 2025లో ఫ్యాక్టరీల చట్టం సవరించి రోజుకు 9 గంటలను 10 చేశారు కదా. మీ తమ్ముడిది భోజనం తీసేస్తే పదిన్నర. అంటే ఓటీ కిందికి వచ్చేది రోజుకు అరగంటే. ఆ అరగంట కోసం కొత్తగా చేరిన పిల్లోడు గొడవ పెట్టుకుంటే రెన్యూవల్ టైమ్‌లో పేరు తీసేస్తారు. కొంచెం ఓపిక పట్టమనండి.

లెక్కలసామి

పైన చెప్పిన మాట చాలామంది నమ్ముతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

సవరణలో మారినవి ఇవి: రోజు పరిమితి 9 నుంచి 10, విరామాలతో కలిపి లోపల ఉండే సమయం 12 గంటల దాకా, మూడు నెలలకు ఓటీ గరిష్ఠం 75 నుంచి 144 గంటలు. మారనివి రెండు. వారానికి 48 గంటలు మారలేదు. ఓటీకి రెట్టింపు మారలేదు. రోజుకు 10 గంటల చొప్పున ఆరు రోజులు చేయిస్తే 60 అవుతుంది. అంటే 48 పైన ఉన్న 12 గంటలూ ఓటీనే. రోజుకు పది చేయించుకోవచ్చు అంటే నాలుగు రోజుల ఎనిమిది గంటల్లో వారం అయిపోయిందని అర్థం, పదో గంట ఉచితమని కాదు.

పైగా 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో ఓఎస్‌హెచ్ కోడ్ (పనిచోట భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్) వచ్చింది. దాని 25వ సెక్షన్ రోజుకు 8 గంటలే అంటుంది. 27వ సెక్షన్ ఇంకా ముఖ్యం: ఓటీకి రెట్టింపు జీతం, ఓటీ చేయించడానికి కార్మికుడి సమ్మతి ఉండాలి, రోజు లెక్కన చూసినా వారం లెక్కన చూసినా ఏది కార్మికుడికి లాభమో ఆ లెక్కే తీసుకోవాలి.

ఈ చివరి ముక్క విలువ ఎంతో చూడండి. ఆరు రోజులూ వచ్చిన వారంలో పదిన్నర చొప్పున 63 గంటలు. ఏ లెక్కన చూసినా 15 గంటల ఓటీ. కానీ ఒక రోజు సెలవు పెట్టిన వారంలో చేసింది 52:30. వారం లెక్కన ఓటీ నాలుగున్నర గంటలే, రోజు లెక్కన పన్నెండున్నర. అందుకే అర్జీలో రోజు లెక్క ముందు పెట్టి, దాని కిందే వారం లెక్క కూడా చూపించాలి. కంపెనీ పది గంటల వాదన ఎత్తినా వారం లెక్క దగ్గర అది నిలవదు.

ఇక డబ్బు. మొత్తం 17,000లో దేన్ని జీతంగా తీసుకోవాలన్నదే అసలు తగాదా. వేతనాల కోడ్ నిర్వచనంలో ఇంటద్దె, కన్వేయన్స్ బయటికి పోతాయి. స్పెషల్ అలవెన్స్ అనేది ఆ మినహాయింపుల జాబితాలో లేదు, కాబట్టి జీతంలోకే వస్తుంది. 11,500కు 1,500 కలిపితే 13,000. (మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన ముక్కను కూడా జీతంలో కలపాలి. ఇక్కడ 4,000 మాత్రమే, సగం దాటలేదు.)

13,000ను 26తో భాగిస్తే రోజుకు 500. ఎనిమిదితో భాగిస్తే గంటకు 62.50. రెట్టింపు 125. రోజుకు పొద్దున అరగంట, సాయంత్రం రెండు గంటలు, మొత్తం రెండున్నర. 26 రోజులకు 65 గంటలు. నెలకు 8,125. ఎనిమిది నెలలకు 65,000, అందులో సెలవు పెట్టిన రోజులు ఒక్కొక్కటి 312.50 చొప్పున తీసేయండి.

కంపెనీలు ఈ లెక్కను రెండు చోట్ల తగ్గిస్తాయి. ఒకటి, బేసిక్, డీఏ మీదే కడతామంటాయి. అప్పుడు గంటకు 110.58 అవుతుంది, నెలకు 937 రూపాయలు పోతాయి. రెండు, 26 బదులు 30తో భాగిస్తాయి. అప్పుడు 108.33. ఆదివారాలకు విడిగా జీతం కట్టనప్పుడు నెలను 26 పనిదినాలుగా తీసుకోవడమే కనీస వేతనాల లెక్కల్లో ఆనవాయితీ. రెండు తగ్గింపులూ ఒకేసారి వేస్తే ఇంకా దిగుతుంది. వాళ్లిచ్చే అంకె చూసి తల ఊపకుండా ఏ అంకెను దేనితో భాగించారో కాగితం మీద అడగండి.

ఇంకొకటి. నెలకు 65 అంటే మూడు నెలలకు 195 గంటలు. పెంచిన 144 పరిమితిని కూడా దాటిపోయింది. పరిమితి దాటింది కాబట్టి ఆ గంటలకు డబ్బు రాదని కొందరు హెచ్‌ఆర్‌లు చెబుతారు. తప్పు. దాటించినందుకు తప్పు యాజమాన్యానిది, చేసిన గంటకు జీతం కార్మికుడిది.

రేణిగుంట_జంక్షన్

లెక్క బాగుంది. కానీ డబ్బు కంటే ముందు ఆ కార్డు సంగతి చూడండి. జీతం ఇవ్వని ఓటీ ఒక ఎత్తు, కార్డు కొట్టించి చేయించే పని ఇంకో ఎత్తు. మొదటిది డబ్బు నష్టం. రెండోది ప్రాణానికే.

17,000 జీతమంటే 21,000 లోపు కాబట్టి ఈఎస్‌ఐలో (కార్మికుల బీమా పథకంలో) ఉంటాడు. సాయంత్రం 6:20కి ప్రెస్ దగ్గర వేలు నలిగిందనుకోండి. రికార్డులో ఆ మనిషి 5కే బయటికి పోయినాడు. ప్రమాద నివేదిక రాయాల్సింది యాజమాన్యమే. డ్యూటీలో జరిగిందని రాస్తే కార్డు దొంగదని వాళ్లే ఒప్పుకున్నట్టు. అందుకని చాలాచోట్ల మనిషిని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లి, చేతిలో కొంత పెట్టి, నివేదికే లేకుండా చేస్తారు. అదే నివేదిక ఉంటే పని ప్రమాదం కింద తాత్కాలిక వైకల్యానికి రోజు జీతంలో 90 శాతం వస్తుంది, శాశ్వత నష్టం మిగిలితే నెలనెలా వస్తుంది. నివేదిక లేకపోతే మామూలు జబ్బు కింద 70 శాతం, అదీ పరిమిత రోజులకు.

దారిలో జరిగే ప్రమాదం ఇంకా కష్టం. పని నుంచి ఇంటికి పోతూ ప్రమాదం జరిగితే దాన్ని పని ప్రమాదంగా చూడాలని 2010లో ఈఎస్‌ఐ చట్టంలో చేర్చారు. కానీ జరిగిన పరిస్థితికి, సమయానికి, చోటుకు పనితో సంబంధం ఉందని తేలాలి. 7:40కి హైవే మీద బండి గుద్దితే, కార్డులో 5 అని ఉంటే, రెండున్నర గంటలు ఎక్కడున్నావని అడుగుతారు. ఇంటికి దారి ముప్పావుగంట అయినప్పుడు జవాబేం చెబుతారు? బస్సు దిగి రూముకు బండి మీద పోయేవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

కాబట్టి తొలి డిమాండు "ఓటీ డబ్బు ఇవ్వండి" కాదు, "7కి బయటికి వచ్చేటప్పుడు కార్డు కొట్టనివ్వండి". ఇది అడగడం తేలిక, కాదనడం కష్టం. గంటలు ఒకసారి రికార్డులోకి ఎక్కాయంటే డబ్బు లెక్క దానంతటదే వస్తుంది.

సాక్ష్యం ఇప్పటినుంచే పోగుచేయండి. ఒక చిన్న నోటుబుక్కు, రోజుకు ఒక వరుస: తేదీ, లోపలికి వచ్చిన టైమ్, 5కి కార్డు కొట్టించింది ఎవరు, లైన్ ఆగిన టైమ్, బస్సు కదిలిన టైమ్, ఆ రోజు ఏ మోడల్ నడిచింది. అదే రాత్రి రాయాలి. నెల తర్వాత కూర్చుని ఒకే పెన్నుతో ముప్పై వరుసలు రాస్తే చూసేవాడికి తెలిసిపోతుంది. మధ్యలో పేజీలు చించకండి, తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాయండి. లైన్‌లో ఇంకో ఇద్దరు ఎవరికి వారు విడిగా ఇలాగే రాస్తే ఆ మూడు పుస్తకాలూ ఒకదానికొకటి సాక్ష్యం.

ఫోన్‌లో గూగుల్ టైమ్‌లైన్ ఆన్ చేయండి. ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టినా ఆ ఆవరణలో ఎంతసేపు ఉందో తెలుస్తుంది. ఇప్పుడది ఫోన్‌లోనే నిల్వ ఉంటుంది, మూడు నెలలకు దానంతటదే చెరిగిపోయేట్టు ఉంటుంది కాబట్టి ఆటో డిలీట్ తీసేసి బ్యాకప్ పెట్టుకోవాలి. వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో చూడండి, ఉంటే ఆ రోజే స్క్రీన్‌షాట్. లేకుంటే నెలకోసారి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి తమ మెయిల్‌కు పంపుకుంటే చాలు. పాత ఫోను అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోను చేతిలో ఉంటే అది ఇవ్వడం సులువు.

చేయకూడనిది ఒకటే, కానీ దీని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. షాప్ ఫ్లోర్‌లో ఫోటో తీయకండి. ప్రొడక్షన్ బోర్డు ఫోటో ఎంత మంచి సాక్ష్యమైనా సరే. ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో కెమెరాకు స్టిక్కర్ వేసే పంపుతారు, దాన్ని పీకారంటే ఓటీ గొడవ పక్కకు పోయి కస్టమర్ రహస్యాల గొడవ ముందుకొస్తుంది. బోర్డు మీది అంకెలు గుర్తు పెట్టుకుని బయటికి వచ్చి రాసుకోండి.

లైన్_బ్యాలెన్స్

ఆ రెండు గంటలు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో చెబితే "కమిట్‌మెంట్" మాటకు జవాబు దొరుకుతుంది.

ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. రెండు టీ విరామాలకు 20, లైన్ మొదలవడానికి 10 తీసేస్తే 450 నిమిషాలు, అంటే 27,000 సెకన్లు. ప్లానింగ్‌వాళ్లు పీసుకు 30 సెకన్లు అని 900 టార్గెట్ రాస్తారు. ఆ 30 ఎక్కడిది? ఎప్పుడో ఒక మంచి గంటలో, అందరూ పాతవాళ్లే ఉన్నప్పుడు, స్టాప్‌వాచ్ పెట్టి తీసింది. నిజానికి లైన్ వేగం దాని బాగా నెమ్మదైన స్టేషన్ వేగమే. స్క్రూలు బిగించే చోట ఒక మనిషికి 38 సెకన్లు పట్టిందంటే మిగతా పదకొండు మంది 25 సెకన్లలో ముగించినా లైన్ చివర 38కి ఒక పీసే దిగుతుంది. 27,000ను 38తో భాగిస్తే 710. తక్కువ పడింది 190. 190ని 38తో గుణించి నిమిషాల్లోకి మార్చండి: 120. ఠంచనుగా రెండు గంటలు.

కాబట్టి ఇది ఎవరో బద్ధకించినందువల్ల వచ్చిన ఆలస్యం కాదు. పొద్దున 8కి లైన్ మీటింగులో టార్గెట్ చదివేటప్పటికే ఆ రెండు గంటలు ప్లాన్‌లో ఉన్నాయి. స్క్రూ స్టేషన్లో ఇంకో మనిషిని పెట్టి పని రెండుగా పంచితే ఆ చోటు 19 సెకన్లకు దిగుతుంది, లైన్ 5కి ముగుస్తుంది. ఒక మనిషి జీతం 17,000. లైన్‌లో పన్నెండు మందికి చట్టప్రకారం ఓటీ కడితే నెలకు 97,500. ఓటీ ఉచితంగా దొరుకుతున్నంత కాలం ఆ పదమూడో మనిషిని ఎవరూ తీసుకోరు.

నాణ్యత వైపు కూడా చూడాలి. చేత్తో సోల్డరింగ్ చేసేచోట తొమ్మిదో గంట దాటాక కోల్డ్ జాయింట్లు (సరిగ్గా అతకని టాంకాలు), పక్క పిన్నుకు అంటుకునే బ్రిడ్జిలు పెరుగుతాయి. స్టాటిక్ కరెంటు తగలకుండా చేతికి కట్టుకునే రిస్ట్ స్ట్రాప్ జారిపోయినా చూసుకోరు, స్టాటిక్ తగిలిన చిప్ ఆ రోజు టెస్ట్ పాసై నెలకు తిరిగొస్తుంది. సాయంత్రం 5 నుంచి 7 మధ్య వచ్చిన రిజెక్షన్లు, మర్నాడు రీవర్క్‌కు పట్టిన టైమ్ ఒక వారం పాటు నోట్ చేయండి. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు చట్టం సెక్షన్ కంటే ఈ అంకె ముందు పనిచేస్తుంది.

చిత్తూరు_బెంగళూరా

మామిడి పల్ప్ ఫ్యాక్టరీల తట్టు మాట ఒకటి చెబుతా. జూన్, జులైలో తోతాపురి లారీలు గేటు బయట బారుగా నిలబడి ఉంటాయి. కాయ పండిందంటే ఆగదు, రెండు రోజులు పోతే పులిసిపోతాది. ఆడ 12 గంటల షిఫ్టు నడిపేదానికి కారణం కండ్లకు కనబడతాది. అయినా రోజుకు 4 గంటల ఓటీ అంటే 144 గంటలు 36 పనిరోజుల్లో అయిపోతాయి, ఆరు వారాలు. ఆ తర్వాత మూడో బ్యాచ్ పెట్టాల్సిందే. కాయ కుళ్లిపోయే చోటే ఈ లెక్క ఉంటే, ఫోన్ చార్జర్లో, టీవీ బోర్డులో కుళ్లిపోయేది ఏముంది? ఏడాది పొడుగునా సీజనే అంటే అది సీజన్ కాదు, మనుషులు తక్కువ పెట్టుకున్నారని అర్థం.

ఇంకొకటి. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 గంటల మాట బయటికొచ్చింది. ఆ మాటలు స్టేటస్‌లు పెట్టుకుని లైన్ మీద పిల్లకాయలకు చూపిస్తారు. ఈ పిల్లోడు ఇప్పటికే 63 చేస్తా ఉండాడు, అదీ నిలబడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) కలిసి 2021లో చెప్పినాయి: వారానికి 55 గంటలు, ఆపైన పని చేసేవాళ్లకు 35–40 గంటలవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని. "పైకి రావడం" అంటే ఏందో ఆ అంకెలు చూసి చెప్పమనాల.

పూతలపట్టు_అక్క

అందరికీ నిండా థ్యాంక్స్. తమ్ముడు నిన్న కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ని ఊరికే కదిపి చూసినాడు. "స్పెషల్ అలవెన్స్ 1,500 ఇచ్చేది ఓటీకే, ఇంకా ఏం కావాల" అన్నాడంట. ఇంకో మాట, "నువ్వు మా కంపెనీ మనిషివి, లోపల ఎన్నిగంటలు చేయించుకున్నా ఫ్యాక్టరీవాళ్లను అడుగు" అన్నాడు. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ ఏమో కాంట్రాక్టర్‌ని అడగమంటాడు.

కోర్టువీధి_కాగితాలు

ఒక్కొక్కటిగా.

1,500 ఓటీకే అని వాళ్లే అంటున్నారు కాబట్టి ఓటీ ఉందని ఒప్పుకున్నట్టు. ఆ మాట వాట్సాప్‌లో వచ్చేలా మర్యాదగా అడగండి: "సార్, స్పెషల్ అలవెన్స్ ఏ నెల ఎన్ని గంటలకు?" ఓటీ అయితే గంటలను బట్టి నెలనెలా మారాలి, స్లిప్‌లో ఓటీ కాలమ్‌లో పడాలి. గంటకు 125 చొప్పున 1,500 అంటే 12 గంటలు. మిగతా 53 గంటల మాటేమిటి? సెలవులు పెట్టిన నెలలోనూ అదే 1,500 వచ్చి ఉంటే అది ఓటీ కాదనడానికి ఆ స్లిప్పే చాలు. ఎనిమిది స్లిప్పులూ వరుసగా పెట్టుకోండి. స్లిప్ ఇవ్వడం వేతనాల కోడ్ ప్రకారం యాజమాన్యం బాధ్యత, ఇవ్వని నెల ఉంటే అది కూడా అర్జీలో రాయండి.

కాంట్రాక్టర్, ఫ్యాక్టరీ ఒకరి మీద ఒకరు తోసుకోవడం పాత ఎత్తు. జీతం మొదట ఇవ్వాల్సింది కాంట్రాక్టరే. అతను ఇవ్వకపోతే ఎవరి ఆవరణలో పని జరుగుతోందో వాళ్లు బాధ్యులు, వేతనాల కోడ్ 43వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. అందుకే ఏ కాగితం రాసినా ఇద్దరి పేర్లూ రాయాలి. ఒకరికే రాస్తే అది ఆ ఒక్కరి టేబుల్ మీదే ఆగిపోతుంది.

అందరూ ఒకే రోజు సీఎల్ పెట్టడం: దయచేసి వద్దు. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సగం మంది, ఆపైన కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందికే వస్తుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఉండాలి. నోటీసు లేకుండా చేస్తే న్యాయం మీ వైపు ఉన్నా తప్పు మీ మీద పడుతుంది, జీతం కోత, జరిమానా, క్రమశిక్షణ చర్య అన్నీ వస్తాయి.

దానికి బదులు ఉమ్మడి లేఖ. ఒక్కడే సంతకం పెడితే వాడు మర్నాడు నైట్ షిఫ్టుకో, దూరపు లైన్‌కో పోతాడు. ఎనిమిది, పదిమంది పెట్టండి, అదీ వరుసగా కాకుండా గుండ్రంగా. మొదట పెట్టింది ఎవరో తెలియదు. లేఖలో ఓటీ బకాయి ఊసు ఎత్తకండి. ఈ మూడు వాక్యాలు చాలు:

"మేము రోజూ ఉదయం 8 గంటలకు లైన్ మీటింగుకు హాజరై, రాత్రి 7 గంటల వరకు పని చేస్తున్నాము. సాయంత్రం 5 గంటలకు కార్డు కొట్టించడం వల్ల ప్రమాదం జరిగితే ఈఎస్‌ఐ రక్షణకు ఇబ్బంది అవుతుంది కాబట్టి, లోపలికి వచ్చిన, బయటికి వెళ్లిన అసలు సమయాలకే కార్డు కొట్టే ఏర్పాటు చేయగలరు. అదనపు పని అవసరమైన రోజున ముందుగా తెలిపి మా సమ్మతి తీసుకోగలరు."

దీనికి పదిహేను రోజులు చూడండి. జవాబు రాకపోయినా పర్లేదు, మీరు అడిగినట్టు కాగితం ఉంది. తర్వాత రెండు దారులు. పనిగంటలు, దొంగ కార్డు విషయం ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌కు. ఆ లేఖలో లైన్ ఏ బిల్డింగ్‌లో, సాయంత్రం ఎన్ని గంటలకు వస్తే కనబడుతుందో రాయండి. పగలు 11కి తనిఖీకి వస్తే రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది. 5:30కి వచ్చి, కార్డు కొట్టి వెళ్లిపోయారని రికార్డు చెబుతున్న మనుషులు లైన్ మీద నిలబడి ఉండడం చూస్తే ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. పేరు గోప్యంగా ఉంచమని పైనే రాయండి. స్పందన లేకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి, ఆ నంబరు ఉంటే ఫైలు ఎక్కడుందో అడిగే వీలుంటుంది.

బకాయి డబ్బు విషయం తిరుపతి లేబర్ ఆఫీసులో. వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద మూడేళ్ల లోపు అర్జీ పెట్టుకోవచ్చు. అధికారి బకాయితో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేయగలరు. పదింతలు అనేది గరిష్ఠం, దాని మీద ఆశలు కట్టుకోవద్దు, రాజీ మాటల్లో మాత్రం అది బరువైన రాయి. జీతం చెల్లించామని రుజువు చేయాల్సిన భారం 59వ సెక్షన్ ప్రకారం యాజమాన్యానిది. కానీ ఆ గంటలు పని చేశామని మొదట చూపించాల్సింది మనం. పైన చెప్పిన నోటుబుక్కు విలువ అక్కడ తెలుస్తుంది.

వకీలుకు డబ్బు లేదని ఆగొద్దు. న్యాయ సేవాధికార చట్టంలో పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార కమిటీలో అడగండి.

అప్రెంటిస్ అమ్మాయి విషయం వేరే, ఇంకా గట్టిది. అప్రెంటిస్ చట్టం 1961 ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఆ అమ్మాయి చేత ఓటీ చేయించకూడదు, ఆమె ఒప్పుకున్నా సరే. అనుమతి కూడా శిక్షణకో ప్రజావసరానికో అయితేనే ఇస్తారు, టార్గెట్ కోసం ఇవ్వరు. ఆమె కాంట్రాక్టు కాగితం మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. నంబరే లేకపోతే ఆమె అప్రెంటిస్ కాదు, పేరు మార్చి పెట్టుకున్న కార్మికురాలు. అప్పుడు జీతం మొత్తం అడగొచ్చు.

చివరగా హోదా. ఈ గొడవ మొదలయ్యాక తమ్ముడికి "లైన్ లీడర్" అని లెటర్ ఇవ్వజూస్తారు. 18,000 దాటిన జీతంతో సూపర్‌వైజర్ పని చేసేవాళ్లు ఓఎస్‌హెచ్ కోడ్‌లో "వర్కర్" నిర్వచనంలోకి రారు, ఓటీ సెక్షన్ వర్తించదు. పేరు మారినంత మాత్రాన హక్కు పోదు, చూసేది చేసే పనినే. కానీ వాదన పెరుగుతుంది. లెటర్ ఇస్తే సంతకం పెట్టే ముందు జీతం అంకె, డ్యూటీల జాబితా రెండూ చదవమనండి.

గాజులమండ్యం_షిఫ్ట్

48 సంగతి నేను పట్టించుకోలేదు, లెక్కలసామి గారు చెప్పిందే సరి. ఒక చిన్న అనుమానం. ఆదివారం పిలిచి కాంప్ ఆఫ్ ఇస్తామంటారు కదా, దానికి కూడా ఓటీ అడగొచ్చా?

లెక్కలసామి

కాంప్ ఆఫ్ అనేది పోయిన వారపు సెలవుకు బదులు, అదనపు గంటలకు బదులు కాదు. ఆదివారం పిలిస్తే ఆ సెలవు అదే నెలలోగానీ తర్వాతి రెండు నెలల్లోగానీ ఇవ్వాలి. ఆ ఆదివారంతో కలిపి వారం 48 దాటితే దాటిన గంటలకు రెట్టింపు విడిగా. "రెండు గంటలు చొప్పున నాలుగు రోజులు ఆగారు, ఒక రోజు సెలవు తీసుకోండి" అనేది చాలాచోట్ల నడుస్తోంది. అందులో ఎనిమిది గంటల పనికి రావాల్సింది 1,000, ఇచ్చేది 500 విలువ చేసే సెలవు.

పూతలపట్టు_అక్క

లేఖ ఆదివారం రాసుకుంటారంట. పదకొండు మంది ఒప్పుకున్నారు. నోటుబుక్కు మొన్నటినుంచే మొదలుపెట్టినాడు. హెచ్‌ఆర్ తీసుకోనంటే ఏం చేయాల?

కోర్టువీధి_కాగితాలు

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయనంటే అక్కడే వాదించొద్దు. అదే రోజు పోస్టాఫీసుకు పోయి కాంట్రాక్టర్‌కు ఒకటి, ఫ్యాక్టరీకి ఒకటి పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టే, రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కావాలని కౌంటర్‌లో అడగండి. కవరు మీద మనిషి పేరు కాకుండా "మేనేజర్, మానవ వనరుల విభాగం" అని రాయండి, ఆ మనిషి లీవులో ఉన్నాడని తిప్పి పంపకుండా. రసీదును లేఖ కాపీకి పిన్ను కొట్టి ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఆ థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి.